అయిదు ఊళ్ళకి ఒకే మందులపెట్టె

కొల్లేరుకి అందరూ పక్షుల కోసం వెళ్తారు. నేను ఇన్సులిన్ కోసం వెళ్ళాను. పక్షులు కూడా కనిపించాయి, అబద్ధం ఎందుకు? కాని వాటి సంగతి మీకు ఎవరైనా చెప్తారు. ఇన్సులిన్ సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. అందుకే ఇవాళ, మిల్లు దుమ్మయినా దులపకుండా కాగితం ముందు కూర్చున్నాను.

నల్లజర్ల

మాది నల్లజర్ల. పిండిమిల్లు నాది. నా బడి చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది గాని, చదవడం మాత్రం ఆగలేదు. మా ఊరి గ్రంథాలయంలో ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో గ్రంథాలయాధికారి గారికన్నా నాకే బాగా తెలుసు. ఆ మాట ఆయనే అంటారు, కాస్త విసుగ్గా. మిరపకాయలు ఆడే రోజున కూడా తుమ్ముతూనే నాలుగు పేజీలు తిరగేస్తాను.

ఆ గ్రంథాలయం పక్క గదిలో ఒక మందుల అలమర ఉంది. ఊళ్ళో కొంతమందిమి కలిసి పెట్టుకున్నాం. రిటైరైన ఫార్మసిస్టు గారొకరు కూర్చుంటారు. డాక్టరు చీటీ చూపిస్తే బీపీకి, షుగరుకి, ఆయాసానికి రోజూ వేసుకునే మందులు కొన్న ధరకే ఇస్తాం. చిక్కేమిటంటే, ఆ కొన్న ధరే ఎక్కువ. ఒక్క ఊరి అలమరకి కావలసినవి ఎన్ని? టోకు వ్యాపారి మా చీటీ చూసి, పెళ్ళికి వచ్చి చిల్లర చదివించినవాణ్ణి చూసినట్టు చూస్తాడు.

మా సత్యవతక్కయ్యకి ఇన్సులిన్ పూట తప్పకుండా కావాలి. ధరకి భయపడి మధ్యమధ్య మానేసేది. "ఈ పూట సూదికి ఉపవాసంరా కిష్టా" అనేది నవ్వుతూ, పుణ్యమేదో మూట కట్టుకుంటున్నట్టు. నేను కొనిస్తానంటే, "నీ డబ్బుతో నేను పొడిపించుకోవాలా? వెళ్ళి పిల్లల ఫీజులు కట్టుకో" అని తోసేసేది. కాలి వేలి మీద పుండు నెలలు గడిచినా మానలేదు. డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఇలా మానేస్తూ పొడుచుకుంటూ ఉంటే వేలుతో ఆగదండి" అన్నారు.

అప్పుడు ఎప్పుడో ఒక పత్రికలో చదివిన ముక్క గుర్తొచ్చింది. సముద్రం మధ్యలో చిన్న చిన్న ద్వీప దేశాలున్నాయి. ఎవరి మందులు వారు విడివిడిగా కొంటే ధర మండిపోతోందని, కొన్ని దేశాలు కలిసి ఒకే జాబితా రాసుకుని, నాణ్యత పరీక్ష చేయించి, ఒకే చేత్తో కొనుక్కుంటాయి. దేశాలకి చేతనైనది మన ఊళ్ళకి ఎందుకు చేతకాదు? మా అలమర లాంటివే తాడేపల్లిగూడెంలో ఒకటి, ఉండిలో ఒకటి, కలిదిండిలో ఒకటి, కొల్లేటి లంకలో ఒకటి ఉన్నాయని నాకు తెలుసు. ద్వీపాలు లేకపోతేనేం, మనకి లంకలున్నాయి.

గూడెం అలమర చూసే ఫార్మసిస్టు షాహీనా గారు ఏలూరులో ఒక టోకు వ్యాపారితో మాట్లాడి పెట్టారు. అయిదు ఊళ్ళూ ఒకే జాబితాతో వస్తే ధర దాదాపు సగానికి దించుతాడు, ఇన్సులిన్ కోసం చల్లటి వ్యాను కూడా తిప్పుతాడు. నాలుగే ఊళ్ళయితే వ్యాను ఖర్చు గిట్టదు కాబట్టి పాత ధరే. శనివారం లోపల చెప్పాలి.

ఫోన్లు చేశాను. ఉండి వారు "చూద్దామండీ" అన్నారు. కలిదిండి వారూ "చూద్దామండీ" అన్నారు. మా వైపు ఈ మాటకి అర్థం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. లంకలో అలమర చూసే వరలక్ష్మి గారు మాత్రం మొహమాటం లేకుండా "వద్దండి" అని పెట్టేశారు. ఇక ఫోనుతో పని కాదని సంచీ సర్దుకున్నాను.

"కొల్లేటి చేపలు తిని బొజ్జ పెంచుకు రాకు" అంది అక్కయ్య వీధి గుమ్మంలో నిలబడి, కుంటికాలు కనపడకుండా చీర కుచ్చెళ్ళు సవరించుకుంటూ.

తాడేపల్లిగూడెం

మాది మెట్ట. పామాయిలు తోటలు, కోకో, నిమ్మ. గూడెం దిగేసరికి గాలి వాసనే మారిపోతుంది. ఉల్లిపాయల మార్కెట్టు! లారీల నుంచి బస్తాలు దిగుతుంటే రోడ్డంతా ఉల్లిపొరలు ఎర్రగా ఎగురుతుంటాయి. మార్కెట్టు పక్కనే పెసరట్టు ఉప్మా తిన్నాను. యాభై రూపాయలు. మా ఊళ్ళో ముప్పై అయిదే. కాని మా ఊరి అల్లం పచ్చడికి ఇంత ధైర్యం లేదు, ఒప్పుకోవాలి.

షాహీనా గారు అక్కడే కలిశారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏలూరు తివాచీల వాళ్ళింటి అమ్మాయి. భుజానికి మందులు చల్లగా ఉంచే నీలం రంగు చిన్న పెట్టె, దానిలోంచి బయటికి వేలాడుతున్న థర్మామీటరు. "సలామండీ బాబాయ్ గారూ, పొద్దున్నే ఉల్లిపాయలకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారా?" అని పలకరించారు.

నలుగురు చిన్న కొట్ల వాళ్ళు కలిసి ఒక లారీ సరుక్కి వేలంపాట పాడి, తర్వాత రోడ్డు మీదే పంచుకోవడం చూశాను. "చూశారా షాహీనమ్మా, మనం చెయ్యబోయేది ఇదే" అన్నాను గొప్పగా.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఇంత తేలికైతే ఎప్పుడో చేసేవాళ్ళమండీ. ఉల్లిపాయ కుళ్ళితే వాసనొస్తుంది. బిళ్ళ చెడితే వాసన రాదు. నేను భయపడేది దానికేనండి."

ఆ మాట నా పుస్తకాలన్నిటిలో ఎక్కడా లేదు. రాసుకుందామని పెన్ను తీస్తే, ఉల్లి ఘాటుకి కళ్ళు కనపడలేదు.

ఉండి

ఉండి దారిలో ఒక పక్క వరి, ఒక పక్క చేపల చెరువులు. మా మెట్టవాళ్ళు నీళ్ళ కోసం బోర్లు వేస్తూ లోపలికి లోపలికి పోతుంటే, వీళ్ళు నీళ్ళ మీదే కాపురం ఉంటారు. బస్సు టైరు పంక్చరైతే అందరం దిగి చెరువు గట్టున కూర్చున్నాం. కండక్టరు గారు మమ్మల్ని ఓదారుస్తూ, "ఇక్కడే ఆగిందంటే అదృష్టవంతులండి, గాలి బాగుంటుంది" అన్నారు. నిజంగానే బాగుంది.

ఉండి అలమర పెద్ద రాజు గారు. ధాన్యం మిల్లులో పనిచేసేవాళ్ళ కోసం పెట్టారు. విషయం ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ముందు భోజనమండి. ఆకలి కడుపుతో మాట్లాడితే బేరంలా ఉంటుంది." ఇక వడ్డన మొదలైంది. పప్పు, దోసకాయ పచ్చడి, రొయ్యల ఇగురు, కోడి వేపుడు, పులసలు ఇంకా రాలేదని క్షమాపణ. మా ఇంట్లో వద్దంటే వడ్డించరు. అక్కడ వద్దంటే రెండోసారి వడ్డిస్తారు, చాలంటే మూడోసారి.

ఆయన అనుమానం ధర గురించీ కాదు, నాణ్యత గురించీ కాదు. నెమ్మదిగా బయటపడింది. "అయిదు ఊళ్ళ పేర్లూ ఒక కాగితం మీద రాస్తారు కదండీ. మరి ఏ ఊరు పైన రాస్తారు?"

నేను అక్షర క్రమం గురించి చెప్పబోయాను. అలా అయితే ఉండి మొదట్లోనే వస్తుంది, కాని కలిదిండి వారేమంటారో! నా కంటే ముందు షాహీనా గారు లేచి, ఖాళీ కంచం ఒకటి తెచ్చి కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీశారు. ఆ గుండ్రం అంచు వెంబడి అయిదు ఊళ్ళ పేర్లు రాశారు.

"ఇందులో మొదలెక్కడో మీరే చెప్పండి రాజు గారూ."

రాజు గారు కాగితాన్ని చేతిలో నాలుగు వైపులా తిప్పి చూశారు. ఉండి ఎటు తిప్పితే పైకొస్తుందో కనిపెట్టి, అక్కడ ఆపి, సంతకం పెట్టారు. తర్వాత ఆ కంచంలోనే మాకు బొబ్బట్లు పెట్టించారు.

కలిదిండి

రెండో రోజు. కలిదిండిలో ఏ వైపు చూసినా చెరువులు, చెరువుల్లో తిరిగే గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతూ గలగలమంటుంటాయి. రొయ్యలకి ఊపిరాడాలట. మా మిల్లు శబ్దానికి అలవాటు పడ్డ చెవి నాది, ఆ ఊళ్ళో నాకు ఇంటి దగ్గరున్నట్టే ఉంది.

అక్కడ చిక్కు ఇంకో రకం. అలమర చూసేవాళ్ళు ఒప్పుకున్నారు గాని, మందులు వేసుకునేవాళ్ళు ఒప్పుకోలేదు. కొత్త జాబితాలో బీపీ బిళ్ళ తెల్లది. కలిదిండిలో ఇన్నాళ్ళూ వాడింది గులాబీది. మందు ఒకటే, బలం ఒకటే, కంపెనీ వేరు. ఈ సంగతి చెప్పడానికి అరుగు మీద సమావేశం పెట్టారు. ముందు వరసలో మంగమ్మ గారని, డెబ్బై దాటిన పెద్దావిడ, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

షాహీనా గారు ఓపికగా అంతా వివరించారు. మంగమ్మ గారు అంతా విన్నారు. విని, "అమ్మాయ్, నువ్వు చెప్పింది బానే ఉంది. కాని నాలుగేళ్ళుగా గులాబీ బిళ్ళతో కాపరం చేస్తన్నాను. ఇయ్యాళ తెల్లటాయన్ని తీసుకొచ్చి నిలబెట్టి, ఇదిగో ఈయనే నీ మొగుడు, గుణం ఒకటే అంటే ఎట్టాగమ్మా?" అన్నారు.

అరుగంతా నవ్వు. నేను ఊరుకోలేక, మాత్ర పైన పూసే రంగుకీ లోపలి మందుకీ సంబంధం లేదని నేను చదివిన పుస్తకం గురించి మొదలెట్టాను. మంగమ్మ గారు నా వైపు చూసి, "ఈ బాబు పొడుగ్గా చెప్తన్నాడు, ఎవరన్నా మంచినీళ్ళివ్వండి" అన్నారు. ఇచ్చారు. తాగి ఊరుకున్నాను.

మంగమ్మ గారి మాటలో అసలు సంగతి ఉందని తర్వాత షాహీనా గారు చెప్పారు. చదువురాని పెద్దవాళ్ళకి రంగే పేరు. గులాబీది బీపీ, తెల్లది షుగరు. రంగు మారిస్తే ఒకదాని బదులు ఒకటి వేసుకునే ప్రమాదం నిజంగానే ఉంది. చివరికి కుదిరింది ఏమిటంటే, కలిదిండికి వచ్చే తెల్ల బీపీ బిళ్ళల్ని వాటి అట్టతో సహా గులాబీ కాగితం సంచుల్లో పెట్టి ఇస్తారు. మొదటి నెల ఎవరి పాత బిళ్ళలు వాళ్ళు వెనక్కి తెచ్చి ఇచ్చాకే కొత్తవి.

"చీర గులాబీదేనా అయితే?" అన్నారు మంగమ్మ గారు సంచీని అటూ ఇటూ తిప్పి. "సరే, మొహం చూడకుండా కాపరం చేస్తాలే."

నాలుగు ఊళ్ళయ్యాయి.

కైకలూరు దారిలో, ఐసు మీద

లంకకి పోవడానికి మాకు దొరికింది చేపల ఆటో. నడిపే అతను ఏసుపాదం, నలభై ఏళ్ళ మనిషి, వరలక్ష్మి గారి చెరువుల్లో చేపల్ని మార్కెట్టుకి చేర్చేది ఇతనే. షాహీనా గారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, నన్ను వెనక థర్మోకోల్ పెట్టె మీద కూర్చోమన్నాడు. దారిలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆపి, పొడి కొట్టిన ఐసు నింపుకున్నాడు. నేను మళ్ళీ దాని మీదే కూర్చున్నాను. పంచె తడిసి, నేను కూడా చేపల్లాగే మార్కెట్టుకి సిద్ధమైపోయాను.

ఐసు నింపాక ఏసుపాదం గుప్పెళ్ళతో గళ్ళుప్పు చల్లడం చూసి, ఎందుకని అడిగాను.

"దూరం లోడండి. ఉప్పేస్తే ఐసుకి పదును వస్తుందండి."

నా ఆనందం చూడాలి! పూర్వం ఇంట్లో ఐస్‌క్రీం ఎలా చేసేవారో పిల్లల సైన్సు పుస్తకంలో చదివాను. ఉప్పు కలిస్తే ఐసు తన మామూలు చల్లదనం కంటే ఇంకా కిందికి దిగుతుంది, అందులో పెట్టిన పాలు గడ్డకడతాయి. అదంతా చెప్పాను. ఇక్కడ ఎవరూ మంచినీళ్ళు ఇమ్మనలేదు. ఏసుపాదం చల్లడం ఆపి మరీ విన్నాడు.

"ఆయ్, అందుకేనా అండి! అడుగున ఉన్న చేప రాయైపోతుంటే నేను ఐసు మహిమ అనుకుంటన్నానండి." తర్వాత గర్వంగా అన్నాడు, "పోయినేడు మందులపెట్టెకి కూడా ఇట్టాగే వేశానండి. వరలక్ష్మి గారి మావగారి ఇన్సులిన్ కదండీ. చేపలకి వేసేదానికన్నా రెట్టింపు వేశాను. ఉప్పు కూడా."

ముందు సీట్లో షాహీనా గారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ చూపుకి నా పంచెలో చలి పూర్తిగా పోయింది.

ఇక్కడ ఒక సంగతి మీకు చెప్పాలి. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, కాని గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిందంటే, మళ్ళీ కరిగించినా దాని బలం నమ్మడానికి లేదు. చూడ్డానికి పెద్దగా తేడా తెలియదు. వరలక్ష్మి గారు ఎందుకు వద్దన్నారో షాహీనా గారికి ముందే తెలుసు. పోయినేడు గూడెం, లంకతో సహా మూడు ఊళ్ళు ఒకసారి ఇలాగే కలిసి కొన్నాయట, ఆ సంగతి నాకు తెలియదు; అప్పుడు లంకకి వచ్చిన ఇన్సులిన్ పని చెయ్యలేదు. వాళ్ళ మావగారు భీమవరం ఆసుపత్రిలో పడి, బతికి బయటపడ్డారు. కలిసి కొన్న మందు చౌక మందు, చౌక మందు దొంగ మందు అని ఆవిడ తేల్చేసుకున్నారు. ఇప్పుడు ఆ తప్పు మందుది కాదు, ఉప్పుదని మాకు తెలిసింది. కాని ఉప్పు వేసిన మనిషి మా ముందే ఈల వేసుకుంటూ ఆటో నడుపుతున్నాడు. ఆవిడ దగ్గరే పనిచేస్తాడు.

రేవు దగ్గర దిగాక షాహీనా గారు నాతో గొంతు తగ్గించి, "చెప్పకపోతే మీ అక్కయ్య గారికి మందు లేదు. చెప్తే ఈయనకి పని ఉంటుందో ఉండదో. ఏం చెయ్యమంటారండీ?" అన్నారు.

ఇలాంటి దానికి ఏ బీరువా వెతకాలో తెలియదు.

ఆవిడే ఏసుపాదాన్ని పిలిచారు. "అన్నా, ముందు నీకు చెప్పాలి. తర్వాతే ఇంట్లో" అని, ఉన్నదున్నట్టు చెప్పారు. ఏసుపాదం మొహంలో నవ్వు ఒక్కో గీతా చెరిగిపోయింది. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. ఐసు పెట్టె మూతని దానితో తుడిచాడు.

"పెద్దాయన్ని చంపబోయానన్నమాట."

"బాగా చూసుకుందామని చేశావు" అన్నారు షాహీనా గారు.

"మీరు చెప్పకండి. నేనే చెప్తానండి" అన్నాడు.

లంక

వరలక్ష్మి గారిల్లు గట్టుకి ఆనుకునే ఉంది. ఆవిడకి యాభై లోపే. చేపల రైతుల సంఘం నడుపుతారు, అలమర కూడా ఆ సంఘానిదే. మమ్మల్ని చూడగానే, "కూర్చోండి, టీ తాగండి, కాని మందుల మాట మాత్రం ఎత్తకండి" అన్నారు. మా మెట్టలో చుట్టాలొస్తే మజ్జిగ ఇస్తాం. ఇక్కడ టీతో పాటు వేయించిన చేప ముక్కలు పెట్టారు. టీలో ముంచుకోవాలేమోనని ఒక్క క్షణం భయపడ్డాను. అక్కర్లేదు.

వసారాలో వాళ్ళ మావగారు వల అల్లుకుంటున్నారు. నీళ్ళ మీద తేలుతున్న గూడబాతుల్ని చూపించి, అవి సైబీరియా నుంచి వస్తాయని ఆయనకి చెప్పాను. ఆయన సూది ఆపి, "నేను పుట్టినకాణ్ణుంచి ఇవి ఇక్కడే గుడ్లు పెడుతున్నాయండి. సైబీరియా వెళ్ళొస్తున్నట్టు ఏ రోజూ చెప్పలేదే" అన్నారు. తర్వాత ఇంటికొచ్చి పుస్తకం తీసి చూసుకున్నాను. సైబీరియా పక్షులు వేరే పేజీలో ఉన్నాయి.

ఇంతలో ఏసుపాదం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అమ్మగారూ, పోయినేడు మందు దొంగది కాదండి. నేనే పాడు చేశాను" అన్నాడు. ఉప్పు సంగతి, ఐసు సంగతి, అంతా చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మాట రాదన్నట్టు.

వరలక్ష్మి గారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టారు. బయట పక్షులు మాత్రం వాటి గోల వాటిదే.

ముందు నవ్వింది పెద్దాయన. "ఒరే ఏసూ, అయితే నన్ను కొర్రమీను అనుకున్నావన్నమాట!"

"మావయ్య గారూ, మీరు ఊరుకోండి" అన్నారు వరలక్ష్మి గారు. షాహీనా గారి వైపు తిరిగి, "గడ్డకట్టి కరిగిన చేప మెత్తబడిపోతుంది. ఎంత మంచి చెరువుదైనా సరే, సగం ధరకి పోతుంది. మందు కూడా అంతేనా?" అని అడిగారు.

"అంతేనండి. చేప అయినా మెత్తబడి చెప్తుంది. మందు చెప్పదు."

నేను మా అక్కయ్య కాలి వేలి గురించి ఆలోచిస్తున్నాను. వరలక్ష్మి గారు లేచి లోపలికి వెళ్ళి, పోయినేటి అట్టపెట్టె తెచ్చి మా ముందు పడేశారు. అందులో ఇప్పుడు వలకి కట్టే సీసపు గుళ్ళున్నాయి. అట్ట మీద చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది.

"ఇదేనా, గడ్డకట్టించకూడదని రాసింది?"

"అదేనండి" అన్నారు షాహీనా గారు.

"ఇంగ్లీషులో. ఆవగింజంత అక్షరాల్లో. మా రేవులో దింపే పెట్టె మీద, మా ఏసుకి అర్థమయ్యేట్టు ఒక్క ముక్క ఎవరూ రాయలేదేం? ఇన్ని ఊళ్ళు దాటించిన మీ చదువుకున్నోళ్ళంతా, ఆఖరి మైలులో మోసేవాడికి చెప్పాలనుకోలేదా?"

షాహీనా గారు తల వంచుకున్నారు. "లేదండి. చెప్పాల్సింది."

"మరయితే వాణ్ణి ఏమనమంటారు నన్ను?" అని ఏసుపాదం వైపు తిరిగారు. "నిలబడ్డావేం? చేపలు ఎండిపోతున్నాయి, లోడు ఎత్తు. రేపు ఏలూరు నువ్వు కూడా రావాలి. నేనింకా సరే అనలేదు. ఆ వ్యాపారిని చూశాక చెప్తాను."

ఆ పూట కొర్రమీను పులుసు తిన్నాను. మామిడికాయ ముక్కలు వేసి, మట్టి దాకలో. దాని గురించి రాయాలంటే వేరే కాగితం కావాలి. పెద్దాయన నా పక్కన కూర్చుని, తన వాటా అన్నం కొలుచుకుని తింటూ, నా ఆకు వైపు అసూయగా చూశారు. రేవులో తడిసిన నా చెప్పుల్లో ఒకదాన్ని కుక్క ఎత్తుకుపోయింది. మర్నాడు ఏలూరు దాకా పెద్దాయన చెప్పులతోనే వెళ్ళాను.

ఏలూరు

మూడో రోజు అందరం చేపల ఆటోలోనే ఏలూరు చేరాం. ముందు షాహీనా గారి మేనమామ ఇంట్లో ఆగాం. మగ్గం ముందు ముగ్గురు పక్కపక్కనే కూర్చుని ఒకే తివాచీకి ముళ్ళు వేస్తున్నారు. ఒకరి ముడి వదులైతే తివాచీ మొత్తం ముడతలు పడుతుందట. వరలక్ష్మి గారు వంగి, మధ్య మనిషి ముడిని గోటితో లాగి చూశారు. రాలేదు. "గట్టిదే" అన్నారు. ఆవిడ ఏదైనా అంతే, లాగి చూస్తే గాని నమ్మరు.

టోకు వ్యాపారి కొట్టులో చల్లని గాలి, గాజు బల్ల. ఆయన మర్యాదగా కుర్చీలు వేయించి, ధరల కాగితం ముందు పెట్టారు. వరలక్ష్మి గారు దాన్ని చూడనైనా చూడలేదు.

"ధర తర్వాతండి. చేప కొనేటప్పుడు మేము మొప్పలెత్తి చూస్తాం. ఎర్రగా ఉంటేనే బేరం. మీ మందుకి మొప్పలెక్కడుంటాయి, ఎత్తి చూపించండి."

వ్యాపారి తెల్లబోయారు. షాహీనా గారు నవ్వు ఆపుకుని, ఒక ఇన్సులిన్ పెట్టె తీసుకుని ఆవిడ చేతిలో పెట్టారు. "ఇదిగోండి, ఏ బ్యాచిదో ఆ నంబరు. ఇది గడువు తేదీ. ఈ బ్యాచిని పరీక్ష చేసిన రిపోర్టు ఈయన ఇవ్వాలి. ఇది దారిలో చలి అదుపు తప్పిందేమో చూపించే అట్ట ముక్క, పెట్టెతో పాటు ప్రయాణం చేస్తుంది. గడ్డకడితే దీని రంగు మారుతుంది. మందుకి మొప్పలు ఇవేనండి."

ఏసుపాదం ముందుకు వంగి ఆ అట్ట ముక్కని చూశాడు. "రంగు మారితే నేను దింపుకోనన్నమాట. అంతేనా అండి?"

"దింపుకోవద్దు. వెనక్కి పంపెయ్యి" అన్నారు షాహీనా గారు.

"ఏసుపాదం వెనక్కి పంపాడంటే అయిదు ఊళ్ళూ వెనక్కి పంపినట్టే. డబ్బు ఇవ్వం" అన్నారు వరలక్ష్మి గారు వ్యాపారితో. "మొదటి లోడులోంచి ఒక పెట్టె మేము బయట ల్యాబులో పరీక్ష చేయించుకుంటాం. చేపపిల్ల కొన్నా అంతేనండి మేము, ఓ రాత్రి వలలో ఉంచి చూసి గాని చెరువులో వదలం. ఒప్పుకుంటే చెప్పండి."

వ్యాపారి కాలిక్యులేటరు ముందుకు లాక్కున్నారు. వ్యాను ఖర్చు, ల్యాబు ఖర్చు అని ఏవేవో అన్నారు. చివరికి ఒప్పుకున్నారు. వరలక్ష్మి గారు గుండ్రంగా ఊళ్ళ పేర్లు రాసిన ఆ కాగితం అడిగి తీసుకుని, లంక పేరు దగ్గర సంతకం పెట్టారు. అయిదో పేరు. నేను లేచి నిలబడి ఏదో అనబోయి, ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడత పెట్టడం మొదలెట్టాను. ఆవిడ నా వైపు చూసి, "మీ అక్కయ్య గారికి ఎలా ఉందండి?" అన్నారు. రెండు రోజుల్లో నేను ఆ మాట ఎత్తలేదు. షాహీనా గారు చెప్పి ఉంటారు.

మళ్ళీ నల్లజర్ల

ల్యాబు రిపోర్టు మంచిగా వచ్చాక, చల్లటి వ్యాను మా ఊరొచ్చింది. అలమర ముందు ఆగితే గ్రంథాలయంలో చదువుకునేవాళ్ళు కూడా బయటికొచ్చారు. డ్రైవరు పెట్టె దించి నా చేతిలో పెట్టాడు. దాని నాలుగు వైపులా లావుపాటి నల్ల రంగుతో, అరచెయ్యంత తెలుగు అక్షరాలు. ఏసుపాదం చెప్తే వరలక్ష్మి గారు రాయించారట. అయిదు ఊళ్ళకి వెళ్ళే ప్రతి పెట్టె మీదా అదే.

ఇది చేప కాదు. దీని మీద ఐసు వెయ్యకండి. ఉప్పు అసలే వద్దు.

చేపలు దొరకని మా మెట్ట ఊళ్ళో ఆ మాట చదివి జనం నవ్వారు. మా ఫార్మసిస్టు గారు అట్ట ముక్క రంగు చూసి, బ్యాచి నంబరు చూసి, తల ఊపారు. అక్కయ్యకి రావలసిన ఇన్సులిన్ నేనే పట్టుకెళ్ళాను. వెనక ధర ఎంతో, ఇప్పుడు ఎంతో చెప్పాను. రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకుంది. తర్వాత ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చోటు చేసి, డబ్బా పెట్టి, మళ్ళీ ఒకసారి తలుపు తీసి చూసుకుంది.

ఆ రోజు నుంచి పూట తప్పలేదు. కాలి వేలు నెమ్మదిగా మానుతోంది. డాక్టరు గారు ఇప్పుడు నన్ను పక్కకి పిలవడం లేదు.

మొన్న రాత్రి మూడో ముద్ద పప్పులో నెయ్యి వేసుకోబోతుంటే, అక్కయ్య నెయ్యి గిన్నె నా చేతి కింద నుంచి లాగేసింది.

"కొల్లేరు వెళ్ళొచ్చిన బొజ్జ చూసుకో ఒకసారి. సూదికి ఉపవాసాలు అయిపోయాయిరా కిష్టా. ఇంక నీవి మొదలు."